చెరువు గట్టున గిటార్

ఏడు శతాబ్దాల నాటి హౌజ్‌ఖాస్ చుట్టుపక్కల రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోనే ఢిల్లీ బ్యాండ్లు చాలావరకు గొంతు సవరించుకున్నాయి. అద్దెలు, లైసెన్సులు, పొరుగువారి నిద్ర... వీటన్నిటితో వాటికి రోజూ పేచీయే.

గ్రీన్ పార్క్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి రోడ్డు మీదికి రాగానే ఆటోవాలాలు చుట్టుముడతారు. వచ్చినవాడి వీపున గిటార్ సంచి వేలాడుతుంటే ఎక్కడికని అడగడం కూడా దండగే. నేరుగా హౌజ్‌ఖాస్ విలేజ్ బేరం మొదలుపెట్టేస్తారు. డీర్ పార్క్ పక్కనే సాగే రోడ్డు విలేజ్ గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి నడకే. ఇద్దరు మనుషులు, ఓ మోటార్ సైకిల్, ఓ కుక్క ఎదురెదురైతే ఎవరో ఒకరు గోడకు అతుక్కోవాల్సిన సందులు. తలెత్తితే నాలుగంతస్తుల భవనాలు, చిక్కులు పడ్డ కరెంటు తీగలు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు సైన్‌బోర్డులు. సందు చివర మాత్రం ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంటుంది. కింద చెరువు, దాని గట్టున ఎల్ ఆకారంలో ఫిరోజ్ షా తుగ్లక్ కట్టించిన మదరసా, రెండు చేతులూ కలిసే మూలలో ఆయన సమాధి.

పొద్దు గుంకాక కాపలావాళ్లు ఈల వేసి కట్టడంలోంచి జనాన్ని బయటికి పంపేస్తారు. పైనున్న బార్లలో సౌండ్ చెక్ మొదలయ్యేది సరిగ్గా ఆ వేళకే. డ్రమ్ మీద నాలుగు దెబ్బలు, మైకులో వన్-టూ, మధ్యలో కుయ్యిమనే ఫీడ్‌బ్యాక్. మదరసా గూళ్లలో చేరిన పావురాలు ఓసారి లేచి మళ్లీ వాలతాయి. అవీ అలవాటుపడ్డట్టే ఉన్నాయి.

తెలుగు పాఠకుడికి బార్ అంటే మదిలో మెదిలే బొమ్మ వేరు. మసక వెలుతురు, గోడ మీది టీవీలో క్రికెట్, ప్లేటులో ఉప్పూకారం చల్లిన పల్లీలు, ఉల్లి చక్రాలు. వైన్‌షాపు పక్కన పర్మిట్ రూమైతే అదీ లేదు, నిలబడి తాగేసి వెళ్లిపోవడమే. ఆడవాళ్లు అటు తొంగి చూడరు. ఇంట్లో చెప్పి వెళ్లే చోటు కాదది. ఢిల్లీలోనూ అలాంటివి కొల్లలు. కానీ దక్షిణ ఢిల్లీలోని ఈ చిన్న పరిధిలో, ఇరవై పాతికేళ్ల కాలంలో, బార్ అనే మాటకు మరో అర్థం పుట్టింది. పేటలో వాళ్లకు తెలిసిన చోటు, అమ్మాయిలు కూడా నిశ్చింతగా కూర్చునే చోటు, ప్లేటులో తెలిసిన తిండి, వేదిక మీద ఆ ఊరి కుర్రాళ్లు సొంతంగా కట్టిన పాట. ఈ నాలుగూ ఒకే గదిలో కుదరడం చెప్పినంత తేలిక కాదని గత దశాబ్దంన్నర చరిత్ర చెబుతోంది.

నిజానికి రాజధానిలో తిండి, పాట చేయి కలపడం కొత్తేమీ కాదు. కన్నాట్ ప్లేస్ స్తంభాల వరండాల్లో డావికోస్, గేలార్డ్, వోల్గా వంటి రెస్టారెంట్లు వెలిగిన రోజుల్లో భోజనం బల్లల మధ్య డ్యాన్స్ ఫ్లోర్, మూలన బ్యాండ్ ఉండటం మామూలే. గోవా నుంచి వచ్చిన సంగీతకారులకు అది జీవనాధారం. మద్రాసులో మౌంట్ రోడ్డు నైట్‌క్లబ్‌లో చీరకట్టుతో పాడటం మొదలుపెట్టి, కలకత్తాలోని ట్రింకాస్‌లో పేరు తెచ్చుకున్న ఉషా ఉతుప్ ఢిల్లీ ఒబెరాయ్ హోటల్లో పాడుతున్నప్పుడే దేవానంద్ బృందం కంట పడ్డారు. 1971లో వచ్చిన 'హరే రామ హరే కృష్ణ'తో ఆమె సినిమా పాటకు అక్కడే బాట పడింది. 1963లో అమెరికా ప్రభుత్వం పంపగా జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ కూడా తన ఆర్కెస్ట్రాతో ఢిల్లీ వచ్చారు. పాపం, ఆయనకు ఇక్కడే జబ్బుచేసింది.

అయితే ఆ బ్యాండ్లు వాయించింది దాదాపుగా ఇతరుల పాటలే. బల్లల దగ్గర కూర్చున్నవారు కోరిన విదేశీ హిట్లను అచ్చుగుద్దినట్టు వినిపించడమే వారి ప్రతిభకు కొలబద్ద. సొంత పాట కట్టుకున్నవారికి బార్ తలుపు తెరుచుకోలేదు. 1990లో మొదలైన 'ఇండియన్ ఓషన్' సంగతే చూడండి. సుస్మిత్ సేన్ గిటార్, అసీమ్ చక్రవర్తి తబలా, తర్వాత చేరిన రాహుల్ రామ్ బేస్, అమిత్ కిలమ్ డ్రమ్స్. వీరి పాటలు పుట్టింది కరోల్‌బాగ్‌లో ఖజూర్ రోడ్డు మీది ఓ పాత ఇంట్లో. 2010లో తెచ్చిన ఆల్బమ్‌కు ఆ ఇంటి నంబరే పేరుగా పెట్టి రుణం తీర్చుకున్నారు. దాని పాటల్ని నెట్‌లో ఉచితంగా విడుదల చేశారు కూడా. వారి 'డెజర్ట్ రెయిన్' రికార్డయింది 1997 జనవరి 1న మండీ హౌస్ వద్ద సహమత్ సంస్థ జరిపిన బహిరంగ సభలో. 1991లో పుట్టిన 'పరిక్రమ'దీ ఇంచుమించు ఇదే దారి. కాలేజీ ఉత్సవాలు, మైదానాలు, ఏడాదికోసారి రాక్ పండుగలు. అలహాబాద్‌లో 1993లో అమిత్ సైగల్ ప్రారంభించిన 'రాక్ స్ట్రీట్ జర్నల్' వాటికి ఊపిరిపోసింది. కానీ కాలేజీ ఉత్సవం ఏడాదికోసారి వస్తుంది. కళాకారుడికి పొయ్యి రోజూ వెలగాలి. ప్రతి వారం వాయించడానికో గది కావాలి. ఆ గది వెతుకులాటే ఢిల్లీ బార్ సంగీతానికి అసలు కథ.

హౌజ్‌ఖాస్ నుంచి అరబిందో మార్గ్ మీద దక్షిణంగా వెళితే వచ్చే అధ్‌చినీలో 'టర్కాయిజ్ కాటేజ్' ఆ వెతుకులాటకు తొలి మజిలీల్లో ఒకటి. ఢిల్లీవాసులకది ఉత్త టీసీ. పైన చైనీస్, థాయ్ భోజనం, కింద 'ది అదర్ సైడ్' అనే బార్. బాలీవుడ్ పాట అడిగితే దొరకని చోటుగా పేరుపొందింది. బుధవారాలు అక్కడ మీడియా రాత్రి. రాజధానిలోని పాత్రికేయుల్లో ఓ తరానికి ఆ బుధవారాలు బాగా గుర్తు, గురువారం ఉదయాలు అంతగా గుర్తుండవు.

సంగీతం లేని పేట బార్ ఎలా ఉంటుందో చూడాలంటే డిఫెన్స్ కాలనీ మార్కెట్లోని 'ఫోర్ ఎస్'కు వెళ్లాలి. ఇరుకు బల్లలు, చవక బీరు, ఢిల్లీకే చెల్లిన చైనీస్ వంట. చిల్లీ చికెన్ ప్లేటు బల్లమీదికి రాకుండా అక్కడ ఏ సాయంత్రమూ పూర్తి కాదు. విద్యార్థి, లాయరు, రిటైరైన అధికారి పక్కపక్కనే కూర్చుంటారు. దక్షిణ ఢిల్లీలో ఎన్నో పేరుమోసిన క్లబ్బులు వచ్చి పోయినా ఇలాంటివి నిలబడటానికి కారణం చాలా మామూలుది. జేబుకు భారం కాకపోవడం, మెనూ మారకపోవడం. తర్వాత వచ్చిన సంగీత బార్లు ఈ పాఠం నేర్చుకున్నాయి. కీమా పావ్, చిల్లీ చీజ్ టోస్ట్, బటర్ చికెన్, కారం దట్టించిన బంగాళాదుంప వేపుడు. బార్ వంటగది ప్రయోగశాల కాదని వాటికి త్వరగానే తెలిసొచ్చింది. కొత్త పాట వినడానికి వచ్చినవాడు ప్లేటులోనూ కొత్తదనం భరించలేడు.

ఇక విలేజ్ సంగతి. 1980ల చివర్లో బీనా రమణి అనే డిజైనర్ ఇక్కడ బొటిక్ తెరిచేదాకా ఇది గేదెలు, పిడకలు ఉన్న అచ్చమైన పల్లె. ఢిల్లీ పెరుగుతూ చుట్టూ ఉన్న పొలాలన్నిటినీ మింగేసినా ఊరి నడిబొడ్డు మాత్రం 'లాల్ డోరా' పరిధిలో మిగిలిపోయింది. రెవెన్యూ పటంలో నివాస ప్రాంతం చుట్టూ గీసిన ఎర్ర గీత అది. 1908 నాటి ఏర్పాటు. ఆ గీత లోపలి ఇళ్లకు 1963లో మున్సిపల్ కార్పొరేషన్ భవన నిర్మాణ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. పశువుల కొట్టం వేసుకునే రైతు ప్లాను పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదన్నదే ఉద్దేశం. ఆ మినహాయింపు నీడలో నాలుగంతస్తులు లేచాయి, పైకప్పు మీద బార్లు వెలిశాయి. విధాన నిర్ణేతలు కలగనని వ్యవసాయం ఇది.

2009 ప్రాంతంలో ఊపు మొదలైంది. చెరువుకు ఎదురుగా, లిఫ్టు లేని మూడో అంతస్తులో 'గన్‌పౌడర్' వచ్చింది. పేరులోని మందుగుండు మరేం కాదు, మన కారప్పొడే. కేరళ, కూర్గ్ వంటలతో పాటు ఆంధ్ర మాంసం కూర కోసం ఢిల్లీవాసులు ఆయాసపడుతూ మెట్లెక్కారు. ఆంధ్రా భవన్ భోజనానికి వరుసలో నిలబడే తెలుగువారికి ఇది వింతగానే తోచింది. చెమటలు కక్కించే ఆ కారానికి సౌత్ ఢిల్లీలో ఇంత గిరాకీయా! ('గన్‌పౌడర్' తర్వాత గోవాకు తరలిపోయింది.) అదే కాలంలో 'టీఎల్ఆర్', అంటే 'ది లివింగ్ రూమ్', పేరుకు తగ్గట్టు పాత సోఫాలు పరిచిన ఇంటి ముందుగదిలా ఉండేది. బ్యాండ్లకు సొంత పాట పాడుకునే వీలుండేది. 2010 సెప్టెంబరు 3న మెట్రో పసుపు లైను కుతుబ్ మినార్ వైపు తెరుచుకోవడంతో గ్రీన్ పార్క్, హౌజ్‌ఖాస్ స్టేషన్లు వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డుకు అవతలుండే ఐఐటీ నుంచి, జేఎన్‌యూ నుంచే కాదు, ఉత్తరాన యూనివర్సిటీ నుంచి కూడా విద్యార్థులు గంటలోపే వచ్చిపడటం మొదలైంది. అరబిందో ప్లేస్ మార్కెట్లో 'సమ్మర్‌హౌస్ కేఫ్' వెలిసింది. 2014లో 'హౌజ్‌ఖాస్ సోషల్' పగలు ఆఫీసుగా, రాత్రి బార్‌గా రెండు వేషాలు వేసింది. సోదర సంస్థ 'యాంటీ సోషల్' బ్యాండ్లకు వేదికైంది.

జనం పెరిగేకొద్దీ చిక్కులు బయటపడ్డాయి. 2013 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో విలేజ్‌లోని 34 రెస్టారెంట్లు ఒక్కరోజులో మూతపడ్డాయి. కాలుష్య నియంత్రణ కమిటీ అనుమతి లేకపోవడం, మురుగు, భూగర్భ జలాల వాడకం అభియోగాలు. శుద్ధి ఏర్పాట్లు చేస్తామని హామీ ఇచ్చాక కొద్ది రోజుల్లోనే తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడో చిత్రమైన సంగతి చెప్పుకోవాలి. ఈ బార్లన్నీ కిటికీలోంచి చూపించి మురిసిపోయే చెరువు 1960లకే ఎండిపోయింది. 2000ల్లో దానికి మళ్లీ ప్రాణం పోసింది వసంత్‌కుంజ్‌లో శుద్ధిచేసి మళ్లించిన మురుగునీరే. అలావుద్దీన్ ఖిల్జీ సిరి కోట జనం దాహం తీర్చడానికి తవ్వించిన హౌజ్ అది. 1398లో ఢిల్లీని గెలిచిన తైమూరు దాని గట్టునే విడిది చేశాడు. ఎండాకాలం గాలి అటు నుంచి వీస్తే కాక్‌టెయిల్ పరిమళం కాస్త వేరుగా ఉంటుంది.

మురుగుకన్నా భయపెట్టేది నిప్పు. ఊళ్లోకి ఒకే దారి. అగ్నిమాపక వాహనం లోపలికి దూరలేదు. 50 సీట్లలోపు రెస్టారెంటుకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అక్కర్లేదన్న నిబంధన ఉంది కాబట్టి కాగితాల మీద అందరి కుర్చీలూ 50కి తక్కువే. శనివారం రాత్రి ఆ మెట్ల మీద ఓసారి నిలబడ్డవారికి ఆ లెక్క ఎంత నిజమో తెలుస్తుంది. 2017లో ఢిల్లీ హైకోర్టు ఈ విషయంలో తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. ఆ ఏడాది డిసెంబరు చివర్లో ముంబైలోని కమలా మిల్స్‌లో పైకప్పు పబ్‌కు నిప్పంటుకుని 14 మంది చనిపోయాక ఆ ఆందోళన అతిశయోక్తి కాదని అందరికీ అర్థమైంది. బ్యాండ్ల పక్షాన వకాల్తా పుచ్చుకునేవారు ఈ మాటను దాటవేయడం న్యాయం కాదు. పాట ఎంత మంచిదైనా వినడానికొచ్చినవాడు మెట్లు దిగి ఇంటికి చేరాలి.

మరి పొరుగువారు? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. 2005లో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిగా చెప్పింది. మూసిన గదికి మినహాయింపు ఉంది కానీ విలేజ్‌లో గోడకూ గోడకూ మధ్య జానెడు దూరం. బేస్ గిటార్ అదురు గోడను అడిగి రాదు. పరీక్షలకు చదువుకునే పిల్లలు, మందులేసుకుని పడుకునే ముసలివాళ్లు ఆ గోడకు అవతలే ఉంటారు. చిక్కేమిటంటే కింద అంతస్తును బార్‌కు అద్దెకిచ్చిందీ చాలాచోట్ల ఆ ఇంటివాళ్లే. అద్దె కావాలి, నిద్రా కావాలి. రెండూ తప్పు కాదు. స్తోమత ఉన్నవాళ్లు ఇల్లు మొత్తం అద్దెకిచ్చి మరో చోటికి మారిపోయారు. అలా ఊరివాళ్లు తగ్గేకొద్దీ అద్దెలు పెరిగాయి. అద్దెలు పెరిగేకొద్దీ మంగళవారం రాత్రి ముప్పై మంది వినే బ్యాండ్‌కన్నా శనివారం మూడొందల మందిని ఊపే డీజే లాభసాటి అయ్యాడు. సొంత పాటల బ్యాండ్లు వారం మధ్యకు, తర్వాత నెలకోసారికి జరిగాయి. 'టీఎల్ఆర్' మూతపడింది.

చట్టం మాత్రం, ఆశ్చర్యంగా, బ్యాండ్ వైపే ఉంది. 2010 నాటి ఢిల్లీ ఎక్సైజ్ నిబంధనల ప్రకారం బార్ లైసెన్సున్న రెస్టారెంటులో వినిపించాల్సింది వృత్తి కళాకారుల గానం, వాద్యమేనని, రికార్డు చేసిన సంగీతం కాదని 2018 మేలో ఎక్సైజ్ శాఖ అకస్మాత్తుగా గుర్తుచేసింది. రెస్టారెంట్ల యజమానులు గగ్గోలు పెట్టారు. ఆ నిబంధన ఉందన్న సంగతే అప్పటిదాకా ఎవరికీ పట్టలేదు. మరో నిబంధన ఇంకా తమాషాగా ఉంటుంది. ఢిల్లీలో మద్యం సేవించడానికి 25 ఏళ్లు నిండాలి. తెలుగు రాష్ట్రాల్లో 21 చాలు. పొరుగున గుర్‌గావ్ ఉన్న హర్యానా కూడా 2021లో 21కి దింపుతూ చట్టం మార్చింది. కాబట్టి వేదిక మీద బార్ మొత్తాన్ని ఉర్రూతలూగిస్తున్న ఇరవైరెండేళ్ల డ్రమ్మరు చేతిలో చట్టప్రకారం ఉండాల్సింది నిమ్మరసమే.

పరిష్కారం డీర్ పార్క్‌కు అవతలి పక్క నుంచి వచ్చింది. పార్కుకు ఎదురుగా సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ బి-6 మార్కెట్లో 2015లో పియానిస్టు అర్జున్ సాగర్ గుప్తా 'ది పియానో మ్యాన్ జాజ్ క్లబ్' తెరిచారు. కిరాణా, మందుల షాపులుండే సాదాసీదా కాలనీ మార్కెట్‌లో ప్రతి రాత్రీ ప్రత్యక్ష సంగీతం! అదీ శ్రోతలు చాలా తక్కువన్న జాజ్. తెలిసినవారు పెదవి విరిచారు. కానీ అక్కడ పద్ధతి తిరగేసి ఉంది. గదిని కట్టిందే శబ్దం కోసం. వేదిక ఏ మూలనో కాదు, అందరి కళ్లముందే. బ్యాండ్ వాయిస్తుంటే మాటలాపి వినమని మర్యాదగా కోరతారు. ఫోను చూసుకుంటూ, పక్క బల్లతో గట్టిగా కబుర్లు చెబుతూ, పాట మధ్యలో 'పంజాబీ పాట వేయండి' అని కేకేసే అలవాటున్న నగరంలో ఇది చిన్న సాహసం కాదు. గిన్నెలో అన్నం ఉండగానే చెంచా ఆపి వినే ఢిల్లీవాసి ఉంటాడని నమ్మినవారు తక్కువ. ఉన్నాడని తేలింది. ఆ తర్వాత గుర్‌గావ్‌లోనూ క్లబ్ తలుపులు తెరిచింది.

2020 మార్చి లాక్‌డౌన్ అందరినీ ఒకే దెబ్బ కొట్టింది. ఢిల్లీలో బార్లు తిరిగి తెరుచుకున్నది సెప్టెంబరు 9న. మరుసటి ఏప్రిల్‌లో మళ్లీ మూత. వంటగది కనీసం పార్సిళ్లతో నెట్టుకొచ్చింది. వేదికను పార్సిల్ కట్టడం కుదరదు. కొందరు ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని పాడారు, కొందరు పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పారు, కొందరు యాంప్లిఫయర్లు అమ్ముకున్నారు. నెలజీతం, భవిష్యనిధి లేని ఈ వృత్తి ఎంత పలచటి మంచు మీద నిలబడిందో అప్పుడు తెలిసింది. సంగీతకారుడికి ఇచ్చేది బార్ ఖర్చుల్లో అన్నిటికన్నా సులువుగా కోసేయగల పద్దు. తిరిగి తెరిచాక చాలాచోట్ల అయిదుగురి బ్యాండ్ స్థానంలో గిటార్‌తో ఒక్కడే పాడుకునే కుర్రాడు కనిపించింది అందుకే.

అయినా ఆ ఇరుకు గదులు వృథా పోలేదు. ఇక్కడి చిన్న వేదికల్లో కొద్దిమంది మధ్య పాడుకున్న 'పీటర్ క్యాట్ రికార్డింగ్ కో' 2019లో 'బిస్మిల్లా', 2024లో 'బీటా' ఆల్బమ్‌లు తెచ్చి యూరప్, అమెరికా వేదికలెక్కింది. సూర్యకాంత్ సాహ్నీ పాత సినిమా వాసన వేసే గొంతుతో పాడే ఆ పాటలు ఏ కోవకు చెందుతాయో చెప్పడం కష్టం. జపాన్ రచయిత హరుకి మురాకామీ నవలలు రాయకముందు, 1974లో టోక్యోలో తెరిచిన జాజ్ బార్ పేరూ 'పీటర్ క్యాటే'. జమైకా లయకు ఢిల్లీ రాజకీయ వెటకారం జోడించిన 'ది స్కా వెంజర్స్' కూడా ఈ సందుల్లో చెమటోడ్చినదే. పెద్ద హాల్లో వీళ్లను టికెట్ కొని విన్నవారికి, చేయి చాపితే గిటార్ తగిలేంత దగ్గర్లో విన్నవారు ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకుంటారు.

ఒంటిగంటకు బార్లు కట్టేస్తారు. బిల్లుల పేచీ తీర్చుకుని జనం గుంపులుగా గేటు వైపు నడుస్తారు. కార్లు లోపలికి రావు కాబట్టి డ్రమ్ములు మోసుకుంటూ బ్యాండ్ కూడా అదే దారి పట్టాలి. ఒకరి చంకలో సింబళ్లు, ఇంకొకరి నెత్తిన స్నేర్ డ్రమ్ము, వెనక బేస్ డ్రమ్మును దొర్లించుకుంటూ మరొకరు. గేటు దగ్గర మోమోలు, కోడిగుడ్డు రోల్ అమ్మే బండి ఇంకా తీయలేదు. డ్రమ్మును స్టూలుగా వేసుకుని నలుగురూ కూర్చుంటారు. డీర్ పార్క్ చీకట్లోంచి నెమలి అరుస్తుంది. అది ఏ శ్రుతిలో ఉందో తేల్చుకునేందుకు వాళ్లు కాసేపు వాదించుకుంటారు.